తీసివేయదగినది, తీసివేయరానిది

మాఘ, ఫాల్గుణ మాసాలలో పర్చూరు చుట్టుప్రక్కల గ్రామాల మిరపకల్లాల వెంట నడచినవారికి ఒక దృశ్యం సుపరిచితమైనది. ఆరబోసిన కాయల చుట్టూ స్త్రీలు కూర్చుండి తాలుకాయలను ఏరి వేరుగా పోస్తుంటారు. రంగు వెలిసిన కాయ, మచ్చపడిన కాయ, చెమ్మకు మెత్తబడిన కాయ, ఇవన్నీ తాలు క్రిందనే లెక్క. తాలు ఏరని సరుకుకు గుంటూరు యార్డులో తగిన ధర పలకదు. దీనిలో ఎవరికీ సందేహం లేదు.

కాని తొడిమ సంగతి అంత సులువైనది కాదు. కారం ఆడించేవానికి తొడిమ అక్కరలేదు. తొడిమ తీసిన కాయ కొనటానికి ఎదురుచూచే వర్తకులున్నారు. టిక్కీలు కుట్టి, శీతల గిడ్డంగిలో నెలల తరబడి నిలువ చేయదలచిన రైతు మాత్రం తొడిమను పదిలంగా ఉండనిస్తాడు. తొడిమ ఊడిన కాయ నోరు తెరచుకొని గింజను రాల్చుకుంటుంది. తొడిమ ఒకటే. ఒకచోట అది వ్యర్థము. మరొకచోట అదే రక్షణ. కాబట్టి ఏది తీసివేయదగినది అన్న ప్రశ్నకు సమాధానం వస్తువులో లేదు, దానిని దేనికి వాడదలచినామో ఆ ప్రయోజనంలో ఉన్నది.

నేటి నా ప్రసంగం మిరపకాయలను గురించి కాదు. యంత్రభాగాలను గురించి, వాటిని కంప్యూటరులో చిత్రించే విధానాన్ని గురించి, ఆ చిత్రం నుండి అనవసరమైన అంశాలను తొలగించటమనే ఒక చిన్న పనిని గురించి. పని చిన్నదే, కాని అందులో పొరపాటు జరిగితే దాని ఫలితం ఎక్కడో పొలంలో, ఎవరో రైతు అనుభవించవలసి వస్తుంది. ఆ సంగతి నేను కండ్లారా చూచినాను గనుకనే ఈ విషయం ఎత్తుకొన్నాను.

ముందుగా ఈ విద్య పుట్టుపూర్వోత్తరాలు కొంచెం మనవి చేస్తాను. ఒకప్పుడు యంత్రభాగం తయారు కావాలంటే డ్రాయింగు బల్ల, టీ స్క్వేరు, పెన్సిలు, వృత్తలేఖిని, ఇవే సాధనాలు. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవన్ సదర్లాండ్ అనే పరిశోధకుడు తన డాక్టరేటు సిద్ధాంతవ్యాసంలో స్కెచ్‌ప్యాడ్ అనే పద్ధతిని వివరించినాడు. కంప్యూటరు తెరపై కాంతి కలముతో గీతలు గీయటం, గీచిన వాటికి షరతులు విధించటం అందులోని విశేషం. ఈ రెండు గీతలు సమాంతరంగా ఉండవలెనని ఒకసారి చెప్పితే చాలు. ఒక గీతను కదిపితే రెండవది తానుగా సర్దుకొంటుంది. 1980లు ముగిసేనాటికి ఘనరూపాలను ఒక్కొక్క మెట్టుగా నిర్మించి, కొలత మార్చగానే వస్తువంతా మారిపోయే సాఫ్టువేర్లు పరిశ్రమలలోకి వచ్చినవి. నేడు ఇంజనీరింగు కళాశాలలో చేరిన ప్రతి మెకానికల్ విద్యార్థికీ క్యాడ్ అన్న పేరు పరిచితమే. 1991లో హైదరాబాదులో బి.వి.ఆర్. మోహన్ రెడ్డిగారు స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, 2014 నుండి సైయెంట్ అన్న పేరుతో నడుస్తున్న సంస్థ, ఇటువంటి ఇంజనీరింగు రూపకల్పన సేవలనే ప్రపంచ పరిశ్రమలకు అందిస్తూ పెరిగినది. మన పల్లెల నుండి వెళ్ళిన యువకులెందరో ఇటువంటి కార్యాలయాలలో కూర్చుండి, తాము ఎన్నడూ చూడని దేశాలలో నడిచే యంత్రాల భాగాలను తీర్చిదిద్దుతున్నారు.

ఈ మోడల్‌లో వస్తువు ఒక్కసారిగా ఏర్పడదు. మొదట ఒక దిమ్మ. దానిపై ఒక గూటము వంటి ఎత్తు. ఆ ఎత్తులో ఒక రంధ్రము. ప్రక్కన బలానికి ఒక రెక్క. చివరకు పదునైన అంచులను నున్నగా త్రిప్పే వంపులు. ఈ ఒక్కొక్క మెట్టును ఫీచరు అంటారు. లోపలి మూలకు ఇచ్చే గుండ్రటి వంపును ఫిల్లెట్ అంటారు. అంచును ఏటవాలుగా కోయటాన్ని చాంఫర్ అంటారు. భాగంపై చెక్కిన కంపెనీ పేరు, నంబరు, మరచుట్ల గాడులు, ఇవి కూడా ఫీచర్లే.

మరి ఇంత శ్రమపడి చేర్చినవాటిని తీసివేయటమెందుకు? కారణాలు ముఖ్యంగా మూడు. మొదటిది రహస్య రక్షణ. యంత్రం మొత్తాన్ని కొనేవానికి దాని బయటి కొలతలు చాలు. లోపలి ఏర్పాట్లు చూపవలసిన పని లేదు. అప్పుడు లోపలివన్నీ తీసి, పై తొడుగు మాత్రమే పంపుతారు. రెండవది భారం తగ్గించటం. వేలకొలది భాగాలుగల కర్మాగారపు చిత్రంలో ప్రతి మరచుట్టునూ గీచి ఉంచితే కంప్యూటరు కదలలేదు. మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, బలపరీక్ష.

బలపరీక్ష అనగా, భాగాన్ని నిజంగా తయారు చేయకముందే, దానిపై ఇంత బరువు పడితే ఎక్కడ ఎంత ఒత్తిడి కలుగుతుందో లెక్కించటం. ఇందుకు వాడే పద్ధతికి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అని పేరు. ఆ పేరును 1960లో ఆచార్య రే క్లఫ్ వాడుకలోకి తెచ్చినారు. వస్తువును చిన్నచిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు సమీకరణాలు వ్రాసి, అన్నిటినీ కలిపి సాధించటం దీని సారాంశం. వస్తువును కప్పే ఈ ముక్కల అల్లికను మెష్ అంటారు, చేపల వల వంటిది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. అన్ని వైపులా 1 మీటరు ఉన్న దిమ్మను 10 మిల్లీమీటర్ల ఘనాలుగా విభజిస్తే 10 లక్షల ముక్కలు వస్తవి. దానినే 1 మిల్లీమీటరు ఘనాలుగా విభజిస్తే 100 కోట్లు. ముక్క పరిమాణం పదవ వంతుకు తగ్గితే సంఖ్య వెయ్యి రెట్లు పెరిగినది. ఒక మూలలో 2 మిల్లీమీటర్ల వంపు ఉన్నదనుకోండి, చెక్కిన అక్షరముల అంచులున్నవనుకోండి. వాటి ఆకారాన్ని పట్టుకోవటానికి వల కన్ను అక్కడ అతిచిన్నది కావలె. ఒత్తిడి ఏమాత్రం లేనిచోట కూడా ఆ అలంకారం కొరకు కంప్యూటరు గంటల తరబడి శ్రమించవలె. కాబట్టి అటువంటివాటిని ముందుగా తీసివేయటం వివేకమే. దీనినే డీఫీచరింగ్ అంటారు. మన భాషలో తాలు ఏరటం అనవచ్చును.

కాని తాలు ఏదో, తొడిమ ఏదో తెలియవలె గదా.

రెండేళ్ళ క్రితం కార్తికమాసంలో, రైతుల కార్యక్రమానికి కొన్ని సంభాషణలు రికార్డు చేయటానికై పర్చూరు ప్రాంతానికి వెళ్ళినాను. అది శనగ విత్తే అదను. నల్లరేగడి నేలలో వానకాలపు పదును ఆరకముందే విత్తనం పడవలె. పదును దాటితే గింజ మొలవదు. మళ్ళీ వాన కురియవలె, ఆ వాన కురిసితే మరో తంటా. అందుచేత ఆ రోజులలో ట్రాక్టరుకు, గొర్రుకు, మేస్త్రీకి తీరిక ఉండదు.

రోడ్డు ప్రక్కన ఒక చిన్న షెడ్డులో గొర్రులు, స్ప్రేయర్లు బాగుచేసే మేస్త్రీ ఒకరున్నారు. ఆయన మేనల్లుడు ఇంజనీరింగు చదువు ముగించి, ఉద్యోగం వచ్చేలోగా మామయ్యకు సాయపడుతున్నాడు. ట్రాక్టరు గొర్రు చట్రానికి కాలును పట్టి ఉంచే ఎల్ ఆకారపు ఇనుప పట్టీలను వారు క్రొత్తగా కోయించినారు. పాత పట్టీని కొలిచి, కంప్యూటరులో మోడల్ గీచి, పట్టణంలోని కటింగ్ షాపుకు ఫైలు పంపినది ఆ కుర్రవాడే. 16 మిల్లీమీటర్ల మందముగల మంచి ఉక్కు పలక. చూడటానికి పాతవాటికంటే అందంగా ఉన్నవి. 9 కాళ్ళ గొర్రుకు 9 పట్టీలు బిగించి ఇచ్చినారు.

నేను వెళ్ళిన ఉదయమే ఆ గొర్రు ట్రక్కుపై తిరిగి వచ్చినది. విత్తటం మొదలుపెట్టిన సాయంత్రం ఒక పట్టీ, మరునాటి తెల్లవారి రెండు పట్టీలు విరిగిపోయినవి. మూడూ ఒకేచోట, లోపలి మూలలో. రైతు ముఖంలో కోపం లేదు, భయం ఉన్నది. కౌలుకు తీసుకొన్న చేనులో సగం విత్తనం పడినది, సగం పడలేదు.

మేస్త్రీ విరిగిన ముక్కను చేతబట్టుకొని, మూలలో బొటనవ్రేలు పెట్టి చూచినాడు. తరువాత మూలనున్న పాత పట్టీని తీసి, దాని మూలలోనూ వ్రేలు పెట్టినాడు.

"ఒరేయ్ అబ్బాయ్, పాతదాంట్లో వేలు జారుతోంది. కొత్తదాంట్లో గోరు ఇరుక్కుంటోంది. ఇక్కడ గుండ్రం ఏమైందిరా?" అన్నాడు.

కుర్రవాని ముఖం పాలిపోయినది. "తీసేశాను మామయ్యా. లెక్క కట్టడానికి అడ్డమని తీసేశాను," అన్నాడు.

జరిగినదేమనగా, బలపరీక్ష చేయటానికి అతడు మోడల్ నుండి చెక్కిన నంబరును, అంచుల ఏటవాలును, మూలలోని 10 మిల్లీమీటర్ల వంపును తొలగించినాడు. అతని పాత కంప్యూటరు త్వరగా లెక్క ముగించినది. మూలలో ఒకచోట మాత్రం ఎర్రరంగు చూపినది. అది వల ముతకగా ఉండటంచేత వచ్చిన దోషమై ఉంటుందని అతడు త్రోసిపుచ్చినాడు. పరీక్ష ముగిసిన తరువాత అసలు ఫైలుకు బదులు ఆ తగ్గించిన ఫైలునే కోతకు పంపినాడు. అసలు ఫైలు వేరుగా లేదు. దానిమీదనే మార్చి, దానిమీదనే భద్రపరచినాడు.

ఇందులో ఉన్న తప్పులు మూడు. వాటిని విడివిడిగా చూడటం మంచిది, ఎందుకంటే ఈ పని చేసే ప్రతివారికీ ఇవి ఎదురయ్యేవే.

మొదటి తప్పు, తీయరానిదానిని తీయటం. లోపలి మూలలోని వంపు అలంకారం కాదు. ఇనుములో బలం నీటి ప్రవాహం వలె సాగుతుందని ఊహించుకొనండి. కాలువ మెల్లగా మలుపు తిరిగితే నీరు నిదానంగా సాగుతుంది; ఒక్కసారిగా విరుపు తిరిగితే ఆ మూలలో గట్టు తెగుతుంది. 1898లో కిర్ష్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు వెడల్పయిన పలకలో చిన్న గుండ్రటి రంధ్రమున్నప్పుడు, పలకను లాగితే, రంధ్రపు అంచున ఒత్తిడి మిగిలినచోటికంటే 3 రెట్లు ఉంటుందని గణితంతో చూపినాడు. 1913లో ఇంగ్లిస్ అనే ఆంగ్లేయ ఇంజనీరు, రంధ్రం కోలగా ఉండి దాని కొన ఎంత వాడి అయితే అక్కడ ఒత్తిడి అంత పెరుగుతుందని నిరూపించినాడు. పూర్తిగా వాడియైన లోపలి మూల వద్ద, సిద్ధాంతరీత్యా, ఆ పెరుగుదలకు హద్దే లేదు. వలను ఎంత సన్నం చేస్తే కంప్యూటరు చూపే అంకె అంత పెరుగుతూ పోతుంది. అనగా ఆ మూలలో వచ్చే సమాధానం సమాధానమే కాదు. కుర్రవాడు చూచిన ఎర్రరంగుకు అర్థం అదే: ఇక్కడి అంకెను నమ్మవద్దు, ఇక్కడి ఆకారాన్ని మళ్ళీ చూడు అని.

ఇది పల్లెటూరి గొర్రుకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణీకుల విమానమైన కామెట్, 1954 జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి మధ్యధరా సముద్రంపై ఆకాశంలోనే విచ్ఛిన్నమైనవి. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ఒక కామెట్ విమానపు శరీరాన్ని పెద్ద నీటితొట్టిలో ఉంచి, లోపలి ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ పదేపదే పరీక్షించగా, తెరపు మూల వద్ద పగులు పుట్టి శరీరం చీలినది. మూలలలో వంపు లేకపోలేదు. ఉన్న వంపు చాలలేదు. లోహము కూడా మనిషివలెనే అలసిపోతుంది. అలసట మొదలయ్యేది మూలలలోనే. ఆ పాఠం తరువాత వచ్చిన విమానాల కిటికీల రూపంలో నేటికీ కనిపిస్తుంది.

రెండవ తప్పు, అణచి ఉంచవలసినచోట చెరిపివేయటం. క్యాడ్ సాఫ్టువేర్లలో ఈ రెండు ఆజ్ఞలూ వేరు. సప్రెస్ అన్న ఆజ్ఞ ఫీచరును కనబడకుండా అణచి ఉంచుతుంది, కావలసినప్పుడు మేల్కొల్పవచ్చును. డిలీట్ అన్న ఆజ్ఞ దానిని సమూలంగా పెరికివేస్తుంది. మోడల్‌లో ఒక ఫీచరుపై ఇంకొకటి ఆధారపడి, తల్లీబిడ్డల సంబంధం ఏర్పడి ఉంటుంది. వంపు అంచునుండి కొలిచి ఒక రంధ్రం వేసి ఉంటే, వంపును తీసినప్పుడు ఆ రంధ్రానికి ఆధారం పోతుంది. అందుచేత తొలగించేవారు కట్టిన క్రమానికి వెనుక నుండి, చివర చేర్చినదానిని మొదట తీస్తూ రావటం క్షేమము. పందిరి విప్పేవాడు ముందు ఆకులు దించి, పిదప వాసాలు విప్పి, చివరకు గుంజలు పెరికినట్లు.

ఇతరుల వద్దనుండి వచ్చిన మోడళ్ళకు ఈ చరిత్ర ఉండదు. వేర్వేరు సాఫ్టువేర్ల మధ్య మార్పిడికై 1994 నుండి స్టెప్ అనే అంతర్జాతీయ ప్రమాణం వాడుకలో ఉన్నది. సాధారణంగా ఆ రూపంలో వచ్చిన వస్తువుకు ఆకారమే గాని, ఏ మెట్టు తరువాత ఏ మెట్టు కట్టినారో తెలియదు. అప్పుడు తొలగించదలచిన ముఖాలను ఎంచి తీసివేస్తే, ప్రక్కనున్న ముఖాలను సాఫ్టువేరు సాగదీసి, అవి కలుసుకొన్నచోట ఆ గాయాన్ని మూసివేస్తుంది. ఒకదానితో ఒకటి కలిసిన వంపులలో ఒకదానిని మాత్రమే ఎంచితే ఈ పని తరచు విఫలమవుతుంది. గొలుసు మొత్తాన్ని ఎంచవలె. సాగదీసిన ముఖాలు ఎన్నటికీ కలియనివైతే గాయం మూసుకొనదు. అక్కడ చేతితో క్రొత్త ముఖాన్ని కుట్టవలసినదే.

మూడవ తప్పు, అన్నిటికంటే మామూలైనది, అందుచేతనే అన్నిటికంటే ప్రమాదకరమైనది: పరీక్షకు సిద్ధం చేసిన మోడల్‌ను తయారీకి పంపటం. లెక్క కొరకు తగ్గించిన రూపం లెక్క కొరకే. దానికి వేరే పేరు ఉండవలె. ఏమేమి తీసినదీ ఒక కాగితంపై వ్రాసి ఉంచవలె. తీయకముందు బరువెంత, తీసిన తరువాత బరువెంత అన్నది సాఫ్టువేరే చెప్పుతుంది. రెండింటికీ ఎక్కువ తేడా వస్తే తీసినది చిన్న వస్తువు కాదన్నమాట. బలం ప్రవేశించే రంధ్రాలను, బోల్టు కూర్చుండే ముఖాలను, లోపలి మూలల వంపులను ముట్టుకొనరాదు. బలం సోకని మూలలోని అక్షరాలను, దూరపు అంచుల ఏటవాలును నిర్భయంగా తీయవచ్చును. ఎంత దూరమైతే నిర్భయమన్న ప్రశ్నకు సెయింట్ వెనాంట్ అనే ఫ్రెంచి పండితుడు 19వ శతాబ్దిలోనే దారి చూపినాడు: ఒకచోట జరిగిన చిన్న మార్పు ప్రభావం, దాని పరిమాణానికి కొన్ని రెట్ల దూరం పోయేసరికి అణగిపోతుంది.

తిరిగి ఆ షెడ్డుకు వద్దాము. మేస్త్రీ మేనల్లుని తిట్టలేదు. "నువ్వు చేసింది చదువుకున్నవాడి పనే. కాని ఈ గుండ్రం నేను వేసింది కాదు, మా నాన్న వేసింది కాదు. ఎవడో విరగ్గొట్టుకుని, తెలుసుకుని వేశాడు. తీసేముందు ఒక్కసారి నన్నడగాల్సింది," అని మాత్రం అన్నాడు. తరువాత ఇద్దరూ పాత పట్టీని బల్లపై పెట్టి, వంపును మళ్ళీ కొలిచినారు. చెరిపివేసినదానిని తిరిగి గీయటానికి కుర్రవానికి ఒక గంట పట్టినది. క్రొత్త పట్టీలు రావటానికి రెండు దినములు పట్టినవి. ఆ రెండు దినములూ రైతుకు లేవు. మేస్త్రీ ప్రక్క ఊరినుండి మరొక గొర్రును అడిగి తెచ్చి, దాని బాడుగ తానే ఇచ్చుకొన్నాడు. చేను చివర కొంతభాగం అప్పటికే పదును ఆరిపోయి, విత్తకుండానే మిగిలినది.

ఈ మధ్య మళ్ళీ ఆ దారిన వెళ్ళినప్పుడు షెడ్డులో ఆగినాను. కుర్రవాడు ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాడు; అక్కడ కూడా ఇదే పని, ఇతరుల మోడళ్ళను పరీక్షకు తగినట్లు తగ్గించటం. పండుగకు ఇంటికి వచ్చి ఉన్నాడు. గోడకు మేకు కొట్టి, విరిగిన ఆ పట్టీని తగిలించినారు. ఎందుకని అడిగితే అతడు నవ్వి, "ఏదన్నా తీసేసే ముందు ఇది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడుగుతున్నానండీ. జవాబు తెలిస్తే తీస్తాను. తెలియకపోతే ఉంచుతాను. కంప్యూటరుకు ఇంకో గంట పడుతుంది, అంతేగా," అన్నాడు.

మన ఇండ్లలోని పిల్లలు ఎందరో నేడు ఈ విద్య నేర్చుకొంటున్నారు. 2002 నుండి లభిస్తున్న ఫ్రీక్యాడ్ వంటి ఉచిత సాఫ్టువేర్లతో, ఖర్చు లేకుండా, ఇంటి వద్దనే అభ్యసించవచ్చును. వారికి నేను మనవి చేయదలచినది ఒక్కటే. తెరపై గీచే ప్రతి గీత చివరకు ఎవరి చేతికో, ఎవరి చేనికో చేరుతుంది. మీ ఊరిలో కమ్మరి, వడ్రంగి, గొర్రు మేస్త్రీ ఎవరైనా ఉంటే, మీ మోడల్‌ను ఒకసారి వారికి చూపండి. తెరమీది బొమ్మ వారికి అర్థం కాకపోతే, కాగితంమీద అచ్చువేసి చూపండి. వారు బొటనవ్రేలు పెట్టి చూచే చోటు ఏదో జాగ్రత్తగా గమనించండి. ఆ చోటును మాత్రం తీసివేయకండి.